టెక్ సందేహాలు: కీ వచ్చింది సరే, అది ఎవరిది?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. ఒక విదేశీ కొనుగోలుదారు ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు వివరాలు పీజీపీతో (ఫైళ్లకు తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ చేసి పంపమంటూ తమ పబ్లిక్ కీ ఫైలు మెయిల్ చేశారు. పీజీపీ కీల కోసం వాడే క్లియోపాట్రా అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కీ ఐడీ అని ఒకటి, ఫింగర్‌ప్రింట్ అని పొడవాటిది ఇంకొకటి కనిపిస్తున్నాయి. ఇవి రహస్యంగా ఉంచాలా? దేన్ని సరిచూడాలి?

జవాబు: రెండింట్లోనూ రహస్యమేమీ లేదు. ఫింగర్‌ప్రింట్‌ని విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. దాచుకోవాల్సింది మీ సొంత ప్రైవేట్ కీ, దానికి పెట్టుకున్న పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్). కొనుగోలుదారు పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు వాళ్ల ప్రైవేట్ కీతోనే తెరుచుకుంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు మీ పబ్లిక్ కీని కూడా చేర్చకపోతే ఆ తర్వాత దాన్ని మీరూ చదవలేరు.

మీరు భయపడాల్సింది వేరే చోట ఉంది. కీ తయారు చేసేటప్పుడు ఏ పేరు, ఏ మెయిల్ చిరునామా టైప్ చేసినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది. ఆ కొనుగోలుదారు పేరుతో ఎవరైనా కీ చేసేయొచ్చు. మెయిల్ ఖాతాలో చొరబడినవాడు అసలు కీ తీసేసి తన కీ పెట్టాడనుకోండి, మీ బ్యాంకు వివరాలు చదవగలిగేది వాడొక్కడే.

ఆ మోసాన్ని పట్టించేది ఫింగర్‌ప్రింట్. పబ్లిక్ కీ మొత్తాన్ని షా-1 అనే హ్యాష్ లెక్కలో వేస్తే 40 అక్షరాలు వస్తాయి: 0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు. కీలో ఒక్క బిట్ మారినా ఇది పూర్తిగా మారిపోతుంది. పీజీపీకి ఆధారమైన ఓపెన్‌పీజీపీ అనే ప్రమాణం 2024లో కొత్తగా వచ్చింది, అందులో షా-256 వాడతారు కాబట్టి 64 అక్షరాలుంటాయి. మీకు కనిపిస్తున్న కీ ఐడీ ఆ 40లో చివరి 16 మాత్రమే. ఒకప్పుడు చివరి 8 చూసి సరిపెట్టుకునేవారు. అదే 8 అక్షరాలతో నకిలీ కీ సెకన్లలో తయారవుతుందని 2014లో చేసి చూపించారు. 2016లో ఏకంగా లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కీకే అలాంటి నకిలీ, అందరి పబ్లిక్ కీలు ఉంచే కీసర్వర్లలో కనిపించింది. అందుకే ముక్క చూసి వదిలేయకండి, మొత్తం చూడండి.

ఎలా చూడాలి? కీ వచ్చిన దారిలో కాకుండా ఇంకో దారిలో. అదే మెయిల్‌లో ఫింగర్‌ప్రింట్ కూడా రాసి పంపితే దానికి విలువ లేదు, కీ మార్చినవాడు అదీ మారుస్తాడు. మెయిల్ కింద ఉన్న ఫోన్ నంబరూ వద్దు. మీ బ్రోకరు దగ్గరో, పాత ఒప్పందం కాగితాల్లోనో ఉన్న నంబరుకు చేయండి. ఫింగర్‌ప్రింట్‌ని వాళ్లనే తమ స్క్రీన్ చూసి నాలుగేసి అక్షరాలుగా చదవమనండి. మీరు చదివి వాళ్లతో ‘అవునవును’ అనిపించుకుంటే చూసినట్టు కాదు. పది గుంపులూ కలిస్తేనే క్లియోపాట్రాలో ‘సర్టిఫై’ నొక్కండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఏ ఫైలూ పంపొద్దు.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. తమ్ముడి వాట్సాప్ చాట్‌లో ‘సెక్యూరిటీ కోడ్ మారింది’ అని వచ్చింది. హ్యాక్ అయిందా?

జవాబు: చాలాసార్లు కొత్త ఫోను కొన్నా, యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అలా వస్తుంది. మీ ఇద్దరి కీల నుంచి పుట్టే 60 అంకెల కోడ్ అది. కలిసినప్పుడు, ఆ అంకెలతో పాటు యాప్‌లో కనిపించే క్యూఆర్ కోడ్ ఒకరిది ఒకరు స్కాన్ చేసుకోండి. ఆలోగా ఆ చాట్‌లో డబ్బు అడిగితే, ముందు మామూలు ఫోన్ కాల్ చేసి తమ్ముడి గొంతు విన్నాకే పంపండి.