అమ్మానాన్నల గ్రీన్‌కార్డు కోసం ఖమ్మం ఇల్లు అమ్మాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. నాకు ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది. నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు, 67 ఏళ్లు, నెలకు 48 వేల పెన్షన్. అమ్మకి 63, మోకాలి ఆపరేషన్ చేయించాలంటున్నారు. వాళ్లకి నేనొక్కదాన్నే. ఖమ్మంలో సొంతిల్లు, 28 లక్షల ఎఫ్‌డీలు, 9 లక్షల మ్యూచువల్ ఫండ్స్ ఉన్నాయి. ఇల్లు అమ్మేసి ఇద్దరికీ గ్రీన్‌కార్డు చేయించి నా దగ్గరికే తెచ్చుకుందామని ఉంది. మీరేమంటారు?

జవాబు: తెచ్చుకోండి, కానీ ఇల్లు మాత్రం అమ్మకండి. ఒక్కగానొక్క కూతురు కాబట్టి మీ ఆత్రం నాకు అర్థమవుతోంది. అందుకే అసలు ఖర్చు ఎక్కడుందో ముందు చెప్తాను.

అది ఫీజుల్లో లేదు. ఇద్దరికీ విడివిడిగా ఐ-130 (తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం మీరు పెట్టే దరఖాస్తు) వేయాలి, ఆన్‌లైన్‌లో అయితే ఒక్కోదానికి 625 డాలర్లు, ఆ తర్వాత వీసా ఫీజు, మెడికల్, టికెట్లు, ఇవన్నీ కలిపినా మీ రెండు జీతాల్లో సర్దుకోవచ్చు. స్పాన్సర్‌గా మీరు చూపించాల్సిన ఆదాయం, ఆరుగురి కుటుంబానికి 2025 లెక్కల ప్రకారం సుమారు 53,900 డాలర్లు, అదీ మీకు సమస్య కాదు. అయితే ఐ-864 అనే స్పాన్సర్ పూచీ పత్రం మీద పెట్టే సంతకం మామూలు కాగితం మీద సంతకం కాదు, వాళ్లు సిటిజన్లు అయ్యేదాకానో, అమెరికా వదిలి శాశ్వతంగా వెళ్లిపోయేదాకానో ఆ బాధ్యత మీ మీదే ఉంటుంది.

అసలు భారం హెల్త్ ఇన్సూరెన్స్. 65 దాటితే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వచ్చేస్తుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. గ్రీన్‌కార్డుతో 5 ఏళ్లు ఇక్కడ వరుసగా ఉంటేనే అందులో చేరే అర్హత వస్తుంది, వచ్చినా ఇక్కడ ఉద్యోగం చేసిన చరిత్ర లేదు కాబట్టి ఉచితం కాదు. 2025లో ఆస్పత్రి ఖర్చుల పార్ట్ ఎ 518, డాక్టరు ఖర్చుల పార్ట్ బి 185, అంటే ఒక్కొక్కరికి నెలకు 703 డాలర్లు. ఆ 5 ఏళ్లు గడిచేదాకా మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అమ్మే ప్రైవేటు బీమా) ప్లాన్ కొనుక్కోవాలి, మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రుల్ని చేర్చుకోనివ్వడం చాలా అరుదు. సబ్సిడీ వస్తుందిలే అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట మర్చిపోండి. వాళ్లని మీ టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపించగలిగినా మీ ఆదాయమంతా లెక్కలోకి వస్తుంది. విడిగా ఫైల్ చేస్తే నాన్నగారి పెన్షన్, వడ్డీ కలిపినా ఏడాదికి పది వేల డాలర్లు దాటదు, అంటే ఇద్దరికి 2025లో పేదరికపు గీత అనుకున్న 21,150 కంటే కింద, అలా తక్కువ ఆదాయం ఉన్న కొత్త ఇమిగ్రెంట్లకి ఇచ్చే సబ్సిడీని 2026 నుంచి తీసేశారు. కాబట్టి చాలావరకు పూర్తి ప్రీమియమే అనుకోండి. ఈ వయసులో ఒక్కొక్కరికి నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే, వెయ్యి అనుకున్నా ఇద్దరికీ 5 ఏళ్లకి 1,20,000 డాలర్లు, పైగా ఆస్పత్రి పాలైతే జేబులోంచి పోయేది వేరు. వచ్చిన 60 రోజుల్లోపు ప్లాన్ తీసుకోకపోతే మళ్లీ ఎన్‌రోల్‌మెంట్ సీజన్ దాకా ఆగాలి, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

అందుకే అమ్మగారి మోకాలి ఆపరేషన్ హైదరాబాద్‌లోనో ఖమ్మంలోనో చేయించి, ఫిజియోథెరపీ అయ్యాకే విమానం ఎక్కించండి. అక్కడి హెల్త్ పాలసీ ఉంటే దాని ప్రీమియం ఆపకండి, ఒకసారి వదిలేస్తే కొత్త పాలసీలో పాత జబ్బులకి 3 ఏళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు.

ఇంకో విషయం, ఇది ముందే చెప్పేవాళ్లు తక్కువ. గ్రీన్‌కార్డు వచ్చిన రోజు నుంచి ఖమ్మం ఎఫ్‌డీ వడ్డీ కూడా అమెరికా టాక్స్ రిటర్న్‌లో చూపించాలి. ఒక్కొక్కరి పేరున ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే రిపోర్టు) కూడా వేయాలి, నాన్నగారికి తప్పకుండా దాటుతుంది. మ్యూచువల్ ఫండ్స్ అయితే పెద్ద తలనొప్పి, విదేశీ ఫండ్లని అమెరికా పీఫిక్ అంటుంది, ఒక్కో ఫండుకి వేరే ఫారం ఉంటుంది, టాక్సూ ఎక్కువే, సీపీఏ (టాక్స్ అకౌంటెంటు) ఫీజే లాభాన్ని మింగేస్తుంది. ఆ 9 లక్షలు ఇక్కడ అడుగుపెట్టకముందే అమ్మేయమనండి, ఈక్విటీ ఫండ్లయితే ఏడాది దాటిన వాటి మీద 1.25 లక్షల దాకా లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం కట్టేస్తే పని అయిపోతుంది. ఎఫ్‌డీలు ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతా) కింద మార్చాలి, ఆ తర్వాత వడ్డీ మీద పన్ను కోయొద్దని సీనియర్లు బ్యాంకుకి ఇచ్చే ఫారం పనిచేయదు, టీడీఎస్ కోస్తారు. పెన్షన్ ఆగకూడదంటే లైఫ్ సర్టిఫికెట్ ప్రతి ఏడాదీ ఇవ్వాల్సిందే.

ఇక ఇల్లు. నాన్నగారికి ఫ్రిస్కోలో కారు లేకుండా పాల ప్యాకెట్ తెచ్చుకోవడం కూడా కుదరదు, మీరిద్దరూ ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్లాక ఇంట్లో ఇద్దరే మిగులుతారు. ఉండలేమని వాళ్లంటే వెనక్కి వెళ్లడానికి ఇల్లు ఉండి తీరాలి, అద్దెకి కూడా మొత్తం ఇవ్వకండి, ఒక గది వాళ్ల కోసం ఉంచండి. నా సలహా ఏంటంటే ముందు విజిటర్ వీసా మీద, మంచి విజిటర్ ఇన్సూరెన్స్‌తో ఒక చలికాలం గడపనివ్వండి. ఐ-130 వేసేశాక విజిటర్‌గా రావడంలో చిక్కులుంటాయి కాబట్టి ఈ వరుస మార్చకండి. ఆ చలికాలం గడిచాక ఉంటామని ఇద్దరూ మనస్ఫూర్తిగా అంటే అప్పుడు వేయండి, ఈలోగా నెలకి 2,000 డాలర్లు ఇన్సూరెన్స్ కోసమని వేరే సేవింగ్స్ ఖాతాలో ఈ నెల నుంచే వేసుకుంటూ రండి.