స్ట్రెయిటెనింగ్ తరువాత గడ్డిలా ఎండిపోయిన జుట్టుకు ఏ నూనె మంచిది?

స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాక జుట్టు పీచులా ఎండిపోయి, చివర్లు చీలిపోతున్నాయని, ఏ నూనె రాస్తే బాగవుతుందని పర్లాకిమిడి నుంచి మీరు అడిగారు. అమ్మా, చీలిన వెంట్రుకను తిరిగి అతికించే నూనె ఏదీ లేదు. తలపైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన పోగు కాబట్టి, చర్మం మీది గాయంలా దానంతట అది మానదు. ఈ సంగతి తెలియక నేను రెండేళ్లపాటు ఎన్నో సీసాలు కొన్నాను.

మాది గుణుపురం. పెళ్లయ్యే వరకు వంశధార నీళ్లతోనే తలంటుకున్నాను. రాయగడలో కాపురం పెట్టాక అద్దె ఇంటి బోరు నీళ్లకు ఆరు నెలల్లోనే జుట్టు బిరుసెక్కింది. బకెట్టు అంచున, హీటరు రాడ్డు మీద పేరుకునే తెల్లటి పెచ్చును రోజూ చూస్తున్నా, ఆ కాల్షియం, మెగ్నీషియం లవణాలే నా వెంట్రుకలకూ పడుతున్నాయని తోచలేదు. బిరుసు పోతుందన్న ఆశతో ఒక పార్లరులో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాను. మూడు నెలలు తిరగకుండానే దువ్వెన నిండా విరిగిన ముక్కలు రాసాగాయి.

అందుకే నూనె కంటే ముందు మీ ఇంటి నీళ్లను గమనించండి. ఆ పెచ్చు కనిపిస్తే నీటిని బాగా మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి దిగాక పైనున్న తేటను మాత్రం చివరి కడుగుకు వాడండి. మరిగించడం వల్ల నీటి కాఠిన్యం, అంటే అందులోని ఆ లవణాల పాలు, మొత్తం పోదు గాని, కొంత తప్పక తగ్గుతుంది. వర్షాకాలంలో నేను డాబా మీద శుభ్రమైన బిందెలు పెట్టి వాన నీళ్లు పట్టుకునేదాన్ని. ఆ నీళ్లతో కడుక్కున్న రోజున జుట్టు మెత్తదనం చేతికే తెలిసేది. ఒంటి సబ్బును మాత్రం తలకు పెట్టకండి, అది కఠిన జలంలో జిగటగా మారి వెంట్రుకను పట్టుకుంటుంది.

నూనెల్లో నేను నిలకడగా వాడుతున్నది కొబ్బరి నూనె. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకగలదు, అందువల్ల కడిగేటప్పుడు మాంసకృత్తు నష్టం తగ్గుతుంది. కనుక తలస్నానం తరువాత కాక, గంట ముందే, ముఖ్యంగా చివర్లకు పట్టించండి. సంతలో దొరికే కుంకుడుకాయలు మంచివే, కాని చిక్కటి రసం ఉన్న జిడ్డునంతా లాగేస్తుంది. పలుచగా చేసుకుని, తరువాత మందారాకు జిగురు గాని, కండిషనర్ గాని రాయండి. తడిసిన వెంట్రుక ఎక్కువగా సాగి సులభంగా తెగుతుంది, అందుకే తడి తలను దువ్వకండి, వేడి ఇస్త్రీ అసలే పెట్టకండి.

పాడైన భాగాన్ని రెండు మూడు నెలలకొకసారి కొద్దికొద్దిగా కత్తిరిస్తూ రావడమే మిగిలిన దారి. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది కనుక, 30 సెంటీమీటర్ల కొత్త జుట్టుకు రెండున్నరేళ్లు పట్టింది నాకు. ఆ జడను మా అమ్మ చేత్తో తడిమి చూసిన రోజు నాకెంతో సంతోషమైంది.

ఒక్క విషయం విడిగా చూసుకోండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అంతకు మించి కుదుళ్లతో సహా ఊడిపోతూ, నీరసం కూడా ఉంటే, అది నీళ్ల వల్ల వచ్చిన బాధ కాకపోవచ్చు, డాక్టరుగారికి చూపించి థైరాయిడ్, ఇనుము పరీక్షలు చేయించుకోండి.