నవ్వింది ఎవరో కూడా చూడు

చిరంజీవికి,

నీ హాస్య కథ చదివాను. రెండో పేజీలో నత్తి ఉన్న గుమాస్తా తన పేరు చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే తడబడతాడు. ఆఫీసంతా గొల్లుమంటుంది. ఈ ఉత్తరం ఆ ఒక్క చోటు గురించే.

ఒక్క జోకుతో జనం చెడిపోతారా అంటావేమో. చదివిన ప్రతివాడిలోనూ ద్వేషం పుట్టదు, నిజమే. కానీ లోపల చులకన ఉన్నవాళ్లు చాలామంది నలుగురికీ జంకి దాన్ని అణుచుకుంటారు. జోకు పేలి అందరూ నవ్వారా, ఇక్కడ ఫర్వాలేదన్న ధైర్యం వచ్చేస్తుంది. థామస్ ఫోర్డ్, మార్క్ ఫెర్గూసన్ అనే మనస్తత్వవేత్తలు 2004లో చెప్పిందిదే. 2008లో ఫోర్డ్ బృందం దీన్ని పరీక్షించింది. కొందరు మగవాళ్లకు ఆడవాళ్లను కించపరిచే జోకులిచ్చారు, కొందరికి అలాంటి మాటలే సూటిగా, కొందరికి మామూలు జోకులు. తర్వాత ఒక మహిళా సంస్థకు ఎంత చందా ఇస్తారని అడిగారు. ఆడవాళ్లంటే ముందే గిట్టనివాళ్లలో, కించపరిచే జోకులు చదివినవాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువ ఇస్తామన్నారు. సూటి మాటలు చేయలేని పని జోకు చేసింది.

అందుకే నీ కథలో నత్తికన్నా ‘ఆఫీసంతా గొల్లుమంది’ అన్న వాక్యమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పాఠకుడికి అనుమతి దొరికేది అక్కడే. ఒక్కరైనా నవ్వకుండా ఫైలు మూసి గుమాస్తా వైపు చూడనీ, చాలు. ఉపన్యాసం మాత్రం ఇప్పించకు, సన్నివేశం చచ్చిపోతుంది.

ఇప్పుడు నత్తి తీసేసి రాసి చూడు. నవ్వు మిగల్లేదంటే అక్కడ నువ్వు హాస్యం రాయలేదన్నమాట. నత్తి ఉంచాలనుకుంటే నవ్వును అధికారి తొందర మీదికి తిప్పు. గుమాస్తా మొదటి అక్షరం పలుకుతుండగానే ఆయనే ఏదో పేరు ఊహించి రిజిస్టరులో రాసేయాలి. నెలాఖరున లేని మనిషికి జీతం బిల్లు తయారవ్వాలి. సంజాయిషీ ఆయనే రాసుకోవాలి.

‘నేను అందరి మీదా జోకులేస్తాను, అంతా సమానమే’ అన్న వాదన నీకు వినిపిస్తుంది. నమ్మకు. 2014 నాటి పరిశోధనలో ముస్లింలంటే ముందే గిట్టనివాళ్లు, ముస్లింల మీది జోకులు చదివాక వాళ్లపై జరిగే వివక్షను ఎక్కువగా చూసీచూడనట్టు వదిలేశారు. ఉగ్రవాదుల మీది జోకులకు అలాంటి ప్రభావం కనిపించలేదు. ఉగ్రవాదుల్ని తిట్టడానికి ఎవరికీ జోకు అండ అక్కర్లేదు కదా. లోకం ఒక పక్క వివక్ష తప్పంటూనే ఇంకో పక్క ఎవరిని చిన్నచూపు చూస్తుందో, దెబ్బ వాళ్లకే.

తిరగరాసేటప్పుడు గుమాస్తా చేత తన పేరు పూర్తిగా చెప్పించు. ఇప్పుడున్న ప్రతిలో అతనికి పేరే లేదు.

ఆశీస్సులతో.