ప్రభుత్వ నిధులు ఇస్తే ఇంజినీరింగ్ చదువు నాణ్యత పెరుగుతుందా?

పెరుగుతుంది. కానీ ఎంత ఇచ్చారన్నదాని కంటే ఏ షరతుతో ఇచ్చారన్నదే ముఖ్యం.

మన దేశంలో ప్రపంచ బ్యాంకు రుణంతో మూడు దశల్లో నడిచిన సాంకేతిక విద్యా నాణ్యత మెరుగుదల పథకం టెక్విప్‌నే చూడండి. మూడో దశలో ఐఐటీలు, ఎన్ఐటీల్లో చదివిన వెయ్యి మందికి పైగా యువ అధ్యాపకులను వెనకబడిన రాష్ట్రాల కాలేజీలకు పంపారు. ఏళ్లుగా ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నిండాయి. 2021 సెప్టెంబరులో పథకం ముగియగానే వాళ్ల ఒప్పందాలూ ముగిశాయి. శాశ్వత పోస్టులు రాష్ట్రాలు మంజూరు చేయకపోతే ఇలాగే అవుతుంది.

ల్యాబుల సంగతి వేరు. మార్చి 31లోపు ఖర్చు చూపాలన్న తొందరలో పెద్ద యంత్రాలు కొనేస్తారు. లోహాల బలాన్ని పరీక్షించే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్ వస్తుంది. వారంటీ దాటాక కొలతలు సరిచూసే క్యాలిబ్రేషన్‌కు, హైడ్రాలిక్ ఆయిల్‌కు, చివరికి పరీక్షించి విరగ్గొట్టాల్సిన ఉక్కు కడ్డీలకూ పద్దు ఉండదు. పిల్లలు సీనియర్ల రికార్డులోని రీడింగులే ఎక్కించుకుంటారు. ఇది చదువుకు నేరుగా తగిలే దెబ్బ. అందుకే టెక్విప్ కాలేజీలను నాలుగు నిధులు ఏర్పాటు చేసుకోమంది: కార్పస్ (మూలనిధి), అధ్యాపకుల అభివృద్ధి, పరికరాల మార్పిడి, నిర్వహణ. చాలా సరైన షరతు.

2025 ఆగస్టులో కేంద్రం సాంకేతిక విద్యను మెరుగుపరిచే రూ.4,200 కోట్ల మెరైట్ పథకాన్ని ఆమోదించింది. 175 ఇంజినీరింగ్ కాలేజీలు, 100 పాలిటెక్నిక్‌లు ఇందులో ఉంటాయి, గడువు 2029-30. ఎంపికైన కాలేజీ ముందుగా తేల్చుకోవాల్సింది కొనాల్సిన యంత్రాల జాబితా కాదు. ఉన్నవాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, వాటిని నడిపే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్నది తేల్చుకోవాలి.