అమల్ఫీకి సముద్రం మీద నుంచే వెళ్లు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. పరీక్షలయ్యాక స్నేహితురాళ్లతో కలిసి ఇటలీలో నేపుల్స్ నుంచి అమల్ఫీ అనే రేవు ఊరికి వెళ్లాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లానూ చూశాను. పొద్దున బస్సు, మధ్యాహ్నం బీచి, సాయంత్రం ఫొటోలు, రాత్రికి వెనక్కి. ఓడల్లో ఇంజనీరుగా తిరిగిన రోజుల్లో మా ఓడ సలెర్నో రేవుకొచ్చి, నాకు ఒక పూట సెలవు దొరికితే చాలు, ఆ ఊరికే పోయేవాణ్ని. ఆ చనువుతో చెబుతున్నాను, ఆ ప్లాను మార్చు.

ముందు రైల్లో సలెర్నో చేరుకో. అక్కణ్నుంచి పడవెక్కు. అరగంట పైచిలుకు ప్రయాణం. కొండ అంచున మెలికలు తిరిగే బస్సు రోడ్డు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది 19వ శతాబ్దంలో, నేపుల్స్ ఏలిన బూర్బన్ రాజుల కాలంలో వేసింది. అంతకు ముందు వెయ్యేళ్ల పాటు ఆ ఊరికి వీధి గుమ్మం సముద్రమే. పడవ ముందు భాగంలో నిలబడి చూడు. కొండలు నిటారుగా వచ్చి నీళ్లలో దిగుతాయి. నాగలి పట్టడానికి జాగా లేదు. ఆ జనం సముద్రం మీద ఎందుకు పడ్డారో నీకు అక్కడే అర్థమవుతుంది.

838లో పొరుగు రాజ్యమైన బెనెవెంతో ప్రభువు సికార్డు అమల్ఫీ వాళ్లను బలవంతంగా సలెర్నోకి తరలించాడు. మరుసటి ఏడు ఆయన హత్యకు గురవగానే వాళ్లు సొంత ఊరికి తిరిగొచ్చి, తమ పాలకుణ్ని తామే ఎన్నుకున్నారు. ఆ 839 నుంచే వాళ్ల స్వతంత్రం లెక్క. తర్వాత రెండు వందల ఏళ్లలో వాళ్ల ఓడలు ఈజిప్టు వెళ్లాయి, కాన్‌స్టాంటినోపుల్ వెళ్లాయి. జెరూసలేం యాత్రికుల కోసం వాళ్ల వర్తకులు కట్టించిన సత్రం, ఆసుపత్రే తర్వాత హాస్పిటలర్ అనే క్రైస్తవ వీరుల సంఘానికి మూలమైంది. ఇవాళ ఆ ఊరి జనాభా సుమారు 5,000 మంది. ఇంత చిన్న రేవు అంత వర్తకం ఎలా చేసిందని అక్కడ దిగిన ప్రతివాళ్లూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. జవాబు నీళ్ల కింద ఉంది.

పడవ దిగగానే చర్చి వైపు పోకు. రేవు దగ్గరే పాత ఓడల కార్ఖానా ఉంది, ఆర్సెనాలె అంటారు. ముందు అందులోకి వెళ్లు. రాతి కమానుల కింద రెండు పొడవాటి వసారాలు కనిపిస్తాయి. యుద్ధనౌకలు కట్టిన చోటు అది. అప్పట్లో 22 స్తంభాలుండేవట, మిగిలినవి 10. తక్కినవి సముద్రంలో కలిసిపోయాయి. 1343 నవంబరు 25న వచ్చిన ఉప్పెన ఊరి కింది భాగాన్ని, రేవును మింగేసింది. ఆ రాత్రి కవి పెట్రార్క్ నేపుల్స్‌లో ఉండి, చూసింది ఉత్తరంలో రాశాడు. స్ట్రాంబోలి అగ్నిపర్వతం పక్క జారి సముద్రంలో పడటమే దానికి కారణమై ఉంటుందని 2019లో పరిశోధకులు అన్నారు. నవంబరు, ఉప్పెన అంటే మన కోస్తా వాడికి 1977 దివిసీమ గుర్తురాకుండా ఉండదు. ఆ కార్ఖానాలో మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు కాళ్లలో సత్తువ పోయినట్టయింది. ఆ స్తంభాల వరసను చూసి, సముద్రం వైపు ఇంకా ఎంత దూరం ఉండేదో మనసులో కొలుచుకో. తర్వాత ఊళ్లో ఏది చూసినా ఆ లెక్కతో చూస్తావు.

నిజానికి ఉప్పెన కంటే ముందే ఊరి దశ తిరిగింది. 1073లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్ల చేతికి పోయింది. 1135లో, 1137లో పోటీ రేవు పీసా వాళ్లు వచ్చి దోచారు. ఇది గుర్తుంచుకుంటే చాలు.

ఆ పక్కనే చౌకులో ఫ్లావియో జోయా అని ఒకాయన విగ్రహం ఉంటుంది. దిక్సూచి కనిపెట్టాడని చెబుతారు. అసలు అలాంటి మనిషి ఉన్నాడనడానికి ఆధారం లేదు. ఒక లాటిన్ వాక్యంలో కామా తప్పుగా చదవడం వల్ల, ఆ సంగతి రాసిన చరిత్రకారుడి పేరే కనిపెట్టినవాడి పేరైందని పండితుల మాట. అయినా విగ్రహానికి ఒక దండం పెట్టు. సూదిని పెట్టెలో అమర్చి, దిక్కుల చక్రంతో కలిపి ఓడ మీద పనికొచ్చేలా చేసినవాళ్లలో అమల్ఫీ నావికులకు గట్టి వాటా ఉందని చాలామంది ఒప్పుకుంటారు. పేరు దక్కని కళాసీలందరి తరఫునా ఆ విగ్రహం నిలబడిందని నేననుకుంటాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. అమల్ఫీ వాళ్ల సముద్ర చట్టం రాతప్రతి ఒకటి ఊళ్లో గాజుపెట్టెలో భద్రంగా ఉంది. 66 అధికరణాలు, కొన్ని లాటిన్‌లో, కొన్ని ఇటాలియన్‌లో. ఓడ యజమాని, సరుకు వేసినవాడు, కళాసీ లాభాన్ని ఎలా పంచుకోవాలో అందులో ఉంది. తుపానులో ఓడ తేలడానికి సరుకు సముద్రంలో పారేస్తే, ఆ నష్టం సరుకు పోయినవాడొక్కడిదే కాదు, అందరూ భరించాలని ఉంది. అది ప్రాచీన గ్రీకుల రోడ్స్ దీవి కాలం నుంచి వస్తున్న సూత్రం. దాన్నే ఓడల్లో మేము జనరల్ యావరేజ్ అనేవాళ్లం, ఇవాళ్టికీ అమల్లో ఉంది. అది చదివినప్పుడు నాకు మన మోటుపల్లి మనసులో మెదిలింది. తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే అలవాటును మానిపించి, కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వర్తకులకు అభయ శాసనం ఇచ్చాడు కదా. ఒకరితో ఒకరికి పరిచయం లేని రెండు రేవులు అవి. ఆ గాజుపెట్టె ముందు తీరిగ్గా నిలబడు. నీ స్నేహితురాళ్లు తొందరపెడితే వాళ్లను ఐస్‌క్రీముకి పంపెయ్.

తర్వాత చర్చి. అరవై పైచిలుకు మెట్లు. జూన్ 27న సెయింట్ ఆండ్రూ వెండి విగ్రహాన్ని భుజాన మోస్తూ ఆ మెట్ల మీదుగా పరుగున పైకి ఎక్కిస్తారు. 1544లో తుపాను లేచి, ఒట్టోమన్ నౌకాధిపతి బార్బరోస్సా నౌకాదళం నుంచి ఊరు దక్కిన రోజది. ముఖద్వారం చూసి అంతా పాతదనుకోకు. 1861లో కొంత కూలితే తర్వాత కొత్తగా కట్టారు. పాతవి కంచు తలుపులు. 1066కు ముందే కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోసి ఓడలో తెచ్చారు. పంతలేయోనె అనే వర్తకుడు చేయించాడు, పోసినవాడు సిరియాకు చెందిన సిమియోన్. పక్కనున్న స్వర్గ మంటపం, అరబ్బు పద్ధతిలో ఒకదాన్నొకటి పెనవేసుకున్న కమానులు, 1260లలో పెద్దింటి వాళ్ల సమాధుల కోసం కట్టినవి. అక్కడ భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలేసుకుని వెళ్లు.

మధ్యాహ్నం ఎండలో ప్రధాన వీధి పట్టుకుని పైకి నడువు. నీ కాళ్ల కింద ‘కన్నేతో’ అనే ఏరు పారుతుంటుంది, దాన్ని కప్పి వీధి వేశారు. కొట్లు అయిపోయాక నీళ్ల చప్పుడు మొదలవుతుంది. అక్కడ పాత కాగితం మిల్లులో మ్యూజియం ఉంది. ఏటి నీటి ఊపుకి చెక్క సుత్తులు లేచి పడుతూ పాత గుడ్డపీలికలను గుజ్జుగా దంచుతాయి. ఆ విద్య అరబ్బుల దగ్గర నేర్చుకున్నారు. 1231లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఫ్రెడరిక్ చక్రవర్తి, కాగితం నిలవదని, సర్కారు పత్రాలకు వాడొద్దన్నాడు. పరిశ్రమ మటుకు ఆగలేదు. 1954 వరదలో ఆ లోయలో చాలా మిల్లులు పోయాయి. ఒక తెర గుజ్జులో ముంచి చేత్తో ఒక కాగితం తీయనిస్తారు, తప్పకుండా తియ్యి.

రాత్రి అక్కడే ఉండిపో. అమల్ఫీలో గది ఖరీదైతే పది నిమిషాల నడకలో అత్రానీ ఉంది. విస్తీర్ణంలో ఇటలీ మొత్తానికీ చిన్న పురపాలక ప్రాంతం, 0.12 చదరపు కిలోమీటర్లే. అమల్ఫీ దొరలకు పట్టం కట్టిన చర్చి ఉన్నది అక్కడే. ఆఖరి పడవ వెళ్లాక పగటి జనం తగ్గి, ముసలివాళ్లు అరుగుల మీదకొస్తారు. నిమ్మతోటల గురించి వాళ్లను అడుగు. అక్కడి నిమ్మకాయ పొడుగ్గా ఉంటుంది, తొక్క లోపలి తెల్లపొర చేదుండదు, చెక్కలుగా కోసి ఉప్పు చల్లుకుని తినొచ్చు.

ఇంకొక్క మాట. శీతకాలంలో పడవలు నడవవు, వేసవిలో కూడా గాలి లేస్తే ఆపేస్తారు. రేవులో దిగిన వెంటనే తిరుగు పడవ టైము అడుగు. బస్సు టికెట్లు పొగాకు కొట్టులో అమ్ముతారు, మూడు కొని పర్సులో పెట్టుకో, ఎక్కాక దొరుకుతాయనుకోవద్దు. సలెర్నో వెళ్లే బస్సులో కుడి వైపు కూర్చో, సముద్రం అటే.

మీ పెదనాన్న,
విశాఖపట్నం