పాత పోటీ పడవలు నిజంగానే మేలైనవా? ఒక మాజీ నావికుడి జవాబు

“మాజీ నావికులు నలుగురు ఒకచోట చేరితే వయసులో ఉన్నప్పుడు పోటీపడి నడిపిన పాత పడవల గురించే గంటల తరబడి ఎందుకు మాట్లాడుకుంటారు, ఆ పడవలు నిజంగానే ఇప్పటివాటి కన్నా మేలైనవా?” అని అడిగారు. నేను కావలి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, 1976లో 17 ఏళ్ళ వయసులో విశాఖపట్నం వెళ్ళి నౌకాదళంలో చేరి, 15 ఏళ్ళు పనిచేసి తిరిగి వచ్చినవాణ్ణి. నెలకొకసారి మైపాడు ఒడ్డున సరుగుడు చెట్ల కింద మేము ముగ్గురు స్నేహితులం కలుస్తాం. ఒకాయనది ఒంగోలు పక్కన కొత్తపట్నం, నాతోపాటే నౌకాదళంలో చేరాడు. ఇంకొకాయనది నెల్లూరు, సరుకు ఓడల్లో పనిచేశాడు. వేగం మాట అడిగితే ఆ పాత పడవలు మేలైనవి కావు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, కానీ ఆ చెట్ల కింద కూర్చున్నంతసేపూ ఒక్కరమూ ఒప్పుకోము.

మేము మొదట చేయి పెట్టిన పడవ వేలర్. దాని పొడవు 27 అడుగులు, ముందూ వెనకా రెండు కొసలూ సన్నగా ఉంటాయి, పూర్తిగా కొయ్యతో చేసినది. బ్రిటిషు నౌకాదళం వాడిన నమూనానే మన నౌకాదళం కూడా చాలాకాలం వాడింది. అయిదుగురు తెడ్లు వేస్తారు, ఒకడు వెనక కూర్చుని చుక్కాని పడతాడు. ఇందులో ఒక తమాషా ఉంది: తెడ్లు అయిదు కాబట్టి ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు వస్తాయి, అందువల్ల చుక్కాని పట్టినవాడు ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉన్నా పడవ పక్కకు తిరుగుతుంది. మా కొత్తపట్నం స్నేహితుడు బండలాగుడు పోటీల మధ్య పెరిగినవాడు. ఆ పడవను మొదటిసారి చూసినప్పుడు అతడు, “ఇదేం కాడి బావా, మా వైపు ఇట్టాంటి జతను బరిలోకే రానివ్వరు” అన్నాడు. అప్పటి నుంచి మా మాటల్లో వేలర్ పేరు “ఒంటెద్దు ఎక్కువ కాడి” గానే నిలిచిపోయింది.

తెడ్ల పోటీ కన్నా తెరచాప పోటీలో తగవులు ఎక్కువ. వేలర్‌కు ముందు ఒక చాప, నడుమ పెద్ద చాప, వెనక మిజ్జెన్ అనే చిన్న చాప ఉంటాయి. 1978లో విశాఖ రేవులో జరిగిన ఒక పోటీలో మా పడవ రెండో స్థానంలో వస్తూ, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటుకు చేరగానే గాలి ఒక్కసారిగా పడిపోయింది. కొండ గాలికి అడ్డం నిలిచిన చోట నీళ్ళు నూనెలా మెరుస్తూ కదలకుండా ఉంటాయి. ఆ చాటు దాటిన వెంటనే గాలి మొహం మీద కొట్టినట్టు వస్తుంది. అలా వచ్చినప్పుడు మిజ్జెన్ తాడు పట్టుకున్నవాడు దాన్ని వదలవలసింది పోయి బిగించాడు, పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగి ఆగిపోయింది, వెనక వస్తున్న మూడు పడవలు మమ్మల్ని దాటిపోయాయి. ఆ తాడు ఎవరి చేతిలో ఉందన్న విషయం మీద నాకూ నా స్నేహితుడికీ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. నెల్లూరు ఆయన ఆ రోజు అక్కడ లేకపోయినా తీర్పు మాత్రం ప్రతి నెలా ఆయనే చెబుతాడు, ఆ తీర్పు టీ డబ్బులు ఎవరు ఇచ్చారన్న దాన్ని బట్టి మారుతూ ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. పడవ కదిలేటప్పుడు ముక్కు దగ్గర ఒక అల, తోక దగ్గర ఒక అల లేస్తాయి; వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య ఎడం పెరిగి, చివరకు పడవ పొడవంత అవుతుంది. అక్కడికి చేరాక బరువైన పడవ తాను తవ్వుకున్న గుంటలో తానే కూర్చుండిపోతుంది, ఎంత గాలి వచ్చినా ముందున్న అలను ఎక్కలేదు. వేలర్ లాంటి 27 అడుగుల పడవకు ఆ హద్దు దాదాపు 7 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్లు. తేలికైన పడవకు ఈ బాధ లేదు, అది అలను ఎక్కి నీటి మీద జారుతుంది. పీటర్ మిల్న్ 1962లో రూపొందించిన 16 అడుగుల ఫైర్‌బాల్ అలాంటిదే. 1982 ఆసియా క్రీడల్లో, బొంబాయి సముద్రం మీద, ఆ తరగతి పడవలోనే ఫరూఖ్ తారాపూర్, జరీర్ కరంజియా మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. అమెరికాస్ కప్ అనే తెరచాప పోటీలో దిగే ఇప్పటి పడవలు నీటిలోని రెక్కల మీద పైకి లేచి 50 నాట్లు దాటి పోతున్నాయి. వాటిని ఫోనులో చూసి మా కొత్తపట్నం ఆయన, “అది పడవ కాదు, దారి తప్పిన విమానం” అని కొట్టిపారేశాడు.

అయితే నెల్లూరు ఆయన దగ్గర ఒక తురుపుముక్క ఉంది, అది సుహైలి. బొంబాయిలో టేకు కొయ్యతో కట్టిన 32 అడుగుల పడవ అది. 1968 జూన్ 14న రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే సరుకు ఓడల అధికారి దానిలో ఒంటరిగా ఇంగ్లండు నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి, 312 రోజుల తరువాత 1969 ఏప్రిల్ 22న తిరిగి చేరాడు. గోల్డెన్ గ్లోబ్ అనే ఆ పోటీలో బయలుదేరినవారు తొమ్మిదిమంది, పూర్తి చేసినది అతడొక్కడే. సగటు వేగం 4 నాట్లే, సైకిలు కన్నా తక్కువ. పడవ అడుగున పొడవునా ఉండే కీల్ అనే దూలం వల్ల అది తన దారి తాను పట్టుకుని పోగలదు, ఒక్క మనిషి నిద్రపోయి లేచేదాకా చుక్కానిని నమ్మవచ్చు. ఆ పాత తరహా పడవలతోనే, జీపీఎస్ సాయం లేకుండా సాగే గోల్డెన్ గ్లోబ్ పోటీని 2018లో మళ్ళీ మొదలుపెట్టారు. మన నౌకాదళంలో పనిచేసిన అభిలాష్ టామీ ఆ ఏడాది హిందూ మహాసముద్రంలో తుఫానుకు పడవ తెరచాప స్తంభాలు విరిగి, వెన్ను దెబ్బతిని ప్రాణాలతో బయటపడ్డాడు, అయినా తరువాతి పోటీకి వెళ్ళి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో నిలిచాడు. పాత పడవలలో మేలు ఏదైనా ఉందంటే, నా మటుకు నాకు, అది ఈ నిదానంలోనే ఉంది.

నా గర్వం అణిగిన పోటీ మాత్రం రేవులో జరిగినది కాదు, మా పల్లెలోనే జరిగింది. 1979 మే నెలలో సెలవు మీద వచ్చి, నౌకాదళంలో నేర్చిన విద్య చూపిద్దామని మా పెదనాన్నను పందేనికి పిలిచాను. ఆయనదొక తెప్ప, నాదొక తెప్ప. రెండింటికీ తుమ్మచెక్క నీళ్ళలో ముంచిన మూడు మూలల గుడ్డ చాపలు. వేట ముగిసిన చోటి నుంచి ఊరి ఒడ్డుకు ముందు చేరినవాడిది గెలుపు. నేను ఊరి వేపచెట్టును గురిపెట్టి తిన్నగా నడిపాను, ఆయన మాత్రం ఊరిని వదిలి దక్షిణంగా పోతుంటే చాదస్తమని నవ్వుకున్నాను. ఆ కాలంలో మా తీరం వెంబడి నీరు ఉత్తరానికి లాగుతుంది, పైగా మధ్యాహ్నం నుంచి పైరగాలి అటే తోస్తుంది. ఆయన ముందే దక్షిణానికి ఎక్కి, నీటి వాటాన దిగుతూ సరిగ్గా ఊరి ముందు గట్టుకు చేరాడు. నన్ను ఆ నీరు అర కిలోమీటరు ఉత్తరంగా ఈడ్చుకుపోయింది. తెప్పను ఇసుకలో లాక్కుంటూ వచ్చేసరికి చేపల బేరం కూడా అయిపోయింది. పెదనాన్న చుట్ట కాల్చుకుంటూ, “ఏరా అబ్బయా, మీ దొరలు గాలి సంగతే చెప్పారా, నీళ్ళ సంగతి చెప్పలేదా?” అన్నాడు.

ఈ కథ నేను ఒక్కసారే చెప్పాను, తరువాతంతా కొత్తపట్నం ఆయనే చెబుతున్నాడు. మొదట్లో అర కిలోమీటరుగా ఉన్న దూరం ఇప్పుడు రామాయపట్నం దాటింది. ఇంకో రెండేళ్ళు గడిస్తే నన్ను తెప్పతో సహా కొత్తపట్నంలో వాళ్ళ ఇంటి ముందే దించుతాడు.