తెలివైనవాళ్లకు ఇంగితజ్ఞానం ఎందుకు లోపిస్తుంది?

చదువులో ముందుండేవాళ్లు చిన్న విషయాల దగ్గర ఎందుకు తడబడతారని, ఇంగితజ్ఞానం తెలివిలో భాగం కాదా అని మీరు అడిగారు. తెలిసిన సంగతి అవసరమైన నిమిషంలో తట్టడాన్నే నేను ఇంగితం అంటాను. 2018 అక్టోబరు 11న అది నాకు తట్టలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. పెంకులు ఎగిరిపోతుంటే ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరి, పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరిగే చప్పుడు వింటూ కూర్చున్నాం. ఉన్నట్టుండి గాలి నిలిచిపోయింది. శాలలో కట్టిన ఆవు ఏమైందోనని నేను గడియ తీయబోతే చిన్నాన్న నా చెయ్యి పట్టుకుని, “ఆగు బాబూ, గాలింకా తిరగనేదు” అన్నారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడి, శాల కప్పును లేపి మా వాకిట్లో పడేసింది.

తుపాను నడిమధ్య ఉండే ‘కన్ను’ దగ్గర గాలి ఎందుకు పడిపోతుందో, అది దాటాక దిక్కు ఎందుకు మారుతుందో బడిలో బొమ్మ గీసి చెప్పే ఉపాధ్యాయుణ్ణి నేను. చిన్నాన్న ఆ పాఠం చదవలేదు గానీ, చిన్నతనంలో తన తండ్రి అలాగే తలుపుకు అడ్డం నిలబడడం చూశారట. మన పరీక్షల మీద నా ఫిర్యాదు ఇక్కడే ఉంది: ప్రశ్న చదవగానే అది ఏ పాఠంలోదో పిల్లలకు తెలిసిపోతుంది కాబట్టి, ఎదురైన దానికి ఏ పాఠం వర్తిస్తుందో పోల్చుకునే పని వాళ్లకు మనం ఎన్నడూ పెట్టడం లేదు.

అలాగని ఇంగితం అన్నిచోట్లా నిలబడుతుందని చెప్పలేను. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్లలో కనబడుతున్నా, “నొప్పి నేని ఒంటికి రోగమేటి?” అని చిన్నాన్న రక్తపరీక్షకు ఒప్పుకోలేదు. నొప్పి ఉంటేనే రోగమన్నది అనుభవం నేర్పిన లెక్కే. కానీ ఈ జబ్బు చాలాకాలం ఏ బాధా తెలియనివ్వదు, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఎంతుందో చూడడం లాంటి పరీక్షలు చేస్తే గాని బయటపడదు. తుపానులను ఆయన కళ్లారా చూశారు గానీ, మూత్రపిండంలో జరిగేది కంటికి కనబడేది కాదు. మూడు నెలలు వెంటపడి, పలాస తీసుకువెళ్లి పరీక్ష చేయించాను.